పైసా ఇయ్యని వీధి

ఆ పిల్ల మా అరుగు మీద కూర్చుని కాగితంలో సున్నాలు చుట్టడం నా కళ్ళారా చూశాను. ఒకటి కాదు, వరసగా ఆరు. చూసేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది.

ఎనభైల నడుమ మాట ఇది. ధర్మవరంలో మాది పట్టుచీరలు నేసే వీధి. ఒక మధ్యాహ్నం పట్నం నుంచి చదువుకున్న పిల్ల ఒకతె వచ్చింది. మంచి పిల్లే. ఎండకు మొహం కందిపోయి ఉంది, చంకలో ఒక అట్ట, అట్టకు కాగితాలు. నయం కాని జబ్బు వచ్చి, డాక్టర్లు ఇక మా చేతుల్లో లేదన్న మనుషులను కడదాకా చూసుకునేందుకు ఎవరో పుణ్యాత్ములు ఒక ఇల్లు కట్టాలనుకుంటున్నారట. అది నడవాలంటే జనం ఏమాత్రం ఇస్తారో ఊరూరా అడిగి రాసుకురమ్మని ఈ పిల్లను పంపారు. తిండివేళకు మగ్గాలు ఆగి ఉన్నాయి కాబట్టి ఆడవాళ్ళం ఆరుగురం అరుగు మీద చేరాం.

"అమ్మా, అట్లాంటి రోగులను చూసుకోడానికి మీరైతే నెలకు ఎంత ఇస్తారు?" అని అడిగింది.

మావాళ్ళు మొహాలు చూసుకుని కిసుక్కున నవ్వారు.

"సచ్చేటోల్లను చూసుకోను దుడ్లా? ఏల ఇస్తాం?" అంది ఒకామె.

"పైసా ఇయ్యం తల్లీ, రాసుకో" అంది మా ఎదురింటి అక్క, వక్కాకు నములుతూ. ఆమె మాట అయితే వీధి మాట అయినట్టే. తక్కినవాళ్ళు తలలూపారు. ఆ పిల్ల పాపం ఒక్కొక్కరికి ఒక్కో సున్నా చుట్టుకుంటూ వచ్చి, నన్నడక్కుండానే నాకూ ఒకటి చుట్టేసింది.

"ఏమ్మా పాపా, ఆ కాగితం పక్కన పెట్టు. ఎవరికి సున్నా చుడుతున్నావో తెలుసా నీకు? కాసిని నీళ్ళు తాగి నేను చెప్పేది విను" అన్నాను. నా గొంతు కొంచెం పెద్దది. అక్క నా చెయ్యి గిల్లింది, ఊరుకొమ్మని. నేను ఊరుకునే రకం కాదు. ఆ రోజు ఆ పిల్లకు చెప్పిందే ఇప్పుడు రాస్తున్నాను. మధ్యమధ్యలో తిట్లు మాత్రం తీసేశాను.

నేను చెప్పింది మా అత్త సంగతి. అది డెబ్బైల చివర్లో జరిగింది.

మా పుట్టినిల్లు ముదిగుబ్బ పక్కన పల్లె. మావాళ్ళు మగ్గం వదిలేసి రెండు తరాలుగా శెనక్కాయలు వేసుకుని బతికేవాళ్ళు. కాబట్టి నేను కాపురానికి వచ్చేనాటికి నాకు నేత గురించి ఓనమాలు కూడా రావు. రాట్నం మీద పట్టుపోగును కండెలుగా చుట్టడం నేర్పింది మా అత్తే. నేర్పింది అంటే మెల్లగా చెయ్యి పట్టుకుని అనుకునేరు. వదులుగా చుట్టిన కండెను నా మీదికి విసిరికొట్టేది. "ఏం మే, శెనక్కాయలు పెరికినట్ల ఆ లాగుడేంది!" అని అరిచేది. నేను మూతి ముడుచుకుని మళ్ళీ చుట్టేదాన్ని. మూడో నెలకు నా కండె చూసి ఏమీ అనకుండా బుట్టలో వేసింది. ఆ రోజు నేను పొంగిపోయి మా ఆయనకు చెప్పాను.

ఆమె చెవి గురించి చెప్పాలి. వీధిలో ముప్పైకి పైగా మగ్గాలు. ఇంటి లోపల కూర్చునే, ఏ మగ్గం చప్పుడు ఏ ఇంటిదో చెప్పేది. పేకను దగ్గరికి కొట్టే పలక దెబ్బ ఒక్కటి మెత్తగా పడినా చాలు, వీధిలోకి వచ్చి ఆ ఇంటి ముందర నిలబడి, "ఏమప్పా, రేత్రి కూడు తినలేదా?" అని అడిగేది. మగవాళ్ళకు ఆమె అంటే హడల్. ఆడవాళ్ళకు ఇంకా హడల్. అయినా ఏ ఇంట్లో కాన్పు అయినా ముందు ఆమెకే కబురు వచ్చేది.

అట్లాంటి మనిషికి నోట్లో పుండు లేచింది. మొదట వక్కాకు పొడిచిందనుకున్నాం. నాటు మందులు పెట్టాం. పుండు మానలేదు సరికదా, దవడ వాచి మాట పీలగా అయిపోయింది. నేనూ, మా ఆయనా, తోడుగా ఎదురింటి అక్క మొగుడు, మా బావా కలిసి బెంగుళూరు తీసుకుపోయాం. డాక్టరు ఓపిక ఉన్న మనిషే. అంతా చూసి, మమ్మల్ని పక్కకు పిలిచి, "ఇంక ఇంట్లో పెట్టుకుని బాగా చూసుకోండి. తినగలిగింది పెట్టండి" అని నొప్పికి మాత్రలు రాసిచ్చాడు. మా ఆయన గోడకు ఆనుకుని అట్లాగే కూలబడిపోయాడు.

ఎదురింటి బావ మాత్రం గోడ మీది పటాన్ని చూస్తూ నిలబడ్డాడు. నర్సమ్మ ఒకతె పెదవుల మీద వేలు పెట్టుకున్న పటం అది, మాట్లాడొద్దని. దారి పొడుగునా బావ అదే చెప్పాడు. "అంత పెద్ద ఆసుపత్రిలో యాడ చూసినా అదే పటం పెట్టినారంటే, సద్దు లేకుంటే ఏదో గుణం ఉండాది. మన వీధిలో చూడు, పొద్దున లేస్తే మగ్గాల మోత. అత్తకు నిద్ర యాడ పడతాది?" అన్నాడు. మాకూ అది నిజమే అనిపించింది. డాక్టరు చెప్పని మందు మా బావ గోడ మీద కనిపెట్టాడు.

ఆయన ఇంటింటికీ పోయి ఏం చెప్పాడో నాకు తెలియదు. మర్నాడు తిండివేళకు ఆగిన మగ్గాలు మళ్ళీ కదల్లేదు. సాయంత్రం దాకా వీధిలో సద్దే లేదు. ఆ పైన రోజూ అంతే, నేత పొద్దున పూట మాత్రమే. మాలో ఎవరికీ నెల జీతాలు లేవు. మగ్గం మీంచి చీర కోసి ఇస్తేనే కూలి. అందులోనూ అవి పెళ్ళిళ్ళ రోజులు. దీపాల వెలుతురులో నేస్తే జరీ పోగు కళ్ళకు ఆనదు కాబట్టి, పోయిన పగలు పోయినట్టే. అయినా ఒక్కరంటే ఒక్కరు మా ఇంటికి వచ్చి, మీ అత్త కోసం మేం ఇది చేస్తున్నాం అనలేదు.

అత్తకు కూడా ఎవరూ చెప్పలేదు. పుండు వారం పది రోజుల్లో ఎండిపోతుందని ఆమెతో అబద్ధమాడి ఉన్నాం. నీ కోసమే మగ్గాలు ఆపాం అంటే తనకెంత పెద్ద జబ్బో తెలిసిపోదా?

నాలుగో రోజున షావుకారు స్కూటరు వేసుకుని వచ్చాడు. మేం నేసే పట్టు ఆయనది, చీరలు అమ్ముకునేది ఆయన. వీధి నడుమ బండి ఆపి, "ఏమప్పా, పట్టపగలు అందురూ పండుకున్నారా? పెండ్లిళ్ళు నెత్తిమీదికొచ్చె!" అని కేకేశాడు.

ఎదురింటి బావ బయటికి వచ్చాడు. ఆయన ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు, షావుకారుతో అసలే. "ఆడ ఒగ ముసలామె నిద్రపోతాండాది షావుకారూ. మెల్లగా మాట్లాడు" అన్నాడు.

"మరి నా చీరలు?"

"వస్తాయి. చీరలు యాడికి పోతాయి?"

షావుకారు మా గుమ్మం వైపు చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, బండి స్టార్టు చేయకుండా వీధి చివరిదాకా తోసుకుంటూ పోయాడు. కిటికీలోంచి చూస్తున్న నాకు గుండె ఉప్పొంగింది. నేను ఈ వీధి కోడల్ని అని ఆ రోజు అనుకున్నంత గర్వంగా ఎప్పుడూ అనుకోలేదు.

అయితే అంత చేసినా అత్తకు గుణం కనబడలేదు. ఐదో రోజు నుంచి గంజి తాగడం మానేసింది. రాగి గంజి పల్చగా కాచి, మజ్జిగ కలిపి, వడగట్టి తెస్తే పెదవులు బిగపట్టేది. గిన్నె నా చిన్నకొడుకు వైపు తోసేది. వాడికి అప్పుడు ఐదేళ్ళు. మనవడంటే ప్రాణం కదా, అందుకే అనుకున్నాను. జబ్బు గొంతులోకి దిగిందని మా ఆయన అన్నాడు. ఆ మాట వీధిలోకి పోయింది. వీధి ఏం చేసింది? పొద్దున పూట నేత కూడా మానేసింది. ఐసు బండివాణ్ణి గంట కొట్టనియ్యకుండా మొదటి ఇంటి దగ్గరే వెనక్కి తిప్పి పంపారు. పిల్లలు గోలీలాటకు పక్కవీధికి పోయారు. మా కోసం అంత చేస్తుంటే, ఈమె ఏమో రోజురోజుకూ ఎండిపోతోంది.

ఎనిమిదో రోజున నాకు ఇక ఓపిక చచ్చింది. గంజి గిన్నె ఆమె ముందర ఠపీమని పెట్టి, "నువ్వు తాగేదాకా నేనూ పచ్చి గంగ ముట్టను. చూద్దాం ఎవరి పంతం నెగ్గుతుందో!" అన్నాను. అని, ఏడ్చాను. ఆమె నన్ను దగ్గరికి రమ్మని వేలితో పిలిచింది. నేను ఆమె నోటి దగ్గర చెవి పెట్టాను.

"పట్టు దొరకలేదా మే?" అంది.

నాకు అర్థం కాలేదు.

"దాయొద్దు. మగ్గాలు నిలిచిపోయి ఎన్నాల్లాయె? నాకు ఇనపడదా? కరువు మళ్ళా వచ్చినాది. నేను ఎట్లయినా పోయేదాన్ని. నాకు పోసే గంజి పిల్లోనికి పొయ్యి."

అప్పుడు తెలిసింది నాకు. నేను శెనక్కాయల ఊరిదాన్ని. మాకు కరువంటే ఎండిన చేను. ఆమెకు కరువంటే ఆగిన మగ్గం. ఆమె పడుచుతనంలో పట్టు రాక, కొనేవాళ్ళు లేక వీధి వీధంతా మగ్గాలు ఆగిపోయిన రోజులున్నాయి. అప్పుడు ఆమె సత్తు గిన్నె పట్టుకుని గంజి కేంద్రం దగ్గర వరసలో నిలబడింది. ఆ కరువులోనే ఆమె మొదటి కూతురు పోయింది. ఆ సంగతి మా ఆయన ఒకసారి చెప్పాడు కూడా. చెప్పినా నా మట్టిబుర్రకు ఎక్కలేదు. ఆమె ఎనిమిది రోజులుగా ఆ చప్పుడు లేని వీధిని వింటూ, ఐదో రోజు నుంచి తన వాటా గంజి నా కొడుక్కి మిగులుస్తోంది.

నేను జుట్టు ముడి కూడా వేసుకోకుండా వీధిలోకి ఉరికాను. "నెయ్యండప్పా! మీకు పుణ్యముంటాది, నెయ్యండి!" అని గొంతు చించుకున్నాను. అత్త పోయిందనుకుని అందరూ గుమ్మాల్లోకి వచ్చారు. పోలేదు, కరువు వచ్చిందనుకుంటోంది అని చెప్పాను. ఎదురింటి బావ తలమీద చెయ్యి పెట్టుకుని, "అయ్యో, ఎంత పని చేస్తిమి!" అన్నాడు. అని, గబగబా లోపలికి పోయి మగ్గం గుంటలోకి దిగాడు. మొదటి పలక దెబ్బ ఆయనది. ఆ పక్కిల్లు అందుకుంది. దాని పక్కది. నేను ఇంట్లోకి వచ్చేసరికి వీధి రెండు వైపులా మోత మొదలైంది. మా ఆయన ఏడుస్తూనే మా మగ్గం మీద కూర్చున్నాడు.

అత్త కళ్ళు మూసుకుని వింది. ఒక్కొక్క ఇంటినే వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది. చివరికి కళ్ళు తెరిచి, "మూలింటోడు ఇంగా మొదలుపెట్టలా" అంది. మూలింటాయన సంతకు పోయి ఉన్నాడు. ఆయన పెళ్ళాం ఎప్పుడూ నేసింది కాదు, కానీ మగ్గం గుంటలోకి దిగి వట్టి పలకను టకటక కొట్టింది. అత్త విని, "దుడుకు చెయ్యి, ఆడదాని చెయ్యి" అంది. అని, నోరు తెరిచింది. రెండు గరిటెల గంజి పోశాను. గుటక వేసిన ప్రతిసారీ నేనే తాగినట్టు కడుపు నిండింది.

ఆ తరువాత ఆమె ఇంకో నెల ఉంది. పుండు వాసనకు గదిలోకి రావడం కష్టంగా ఉండేది, దాయడమెందుకు. అయినా వీధి ఆడవాళ్ళు వంతులు వేసుకుని వచ్చి కడిగారు. ఎవరూ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోలేదు. అక్క చెప్పిందట, కొంగు పెట్టుకునేవాళ్ళు రావొద్దని. అత్త నోరు పోయినా పెత్తనం పోలేదు. ఒకరోజు ఎదురింటి మగ్గం విని, "ఆయప్ప చీర నేస్తాండాడా, జల్లెడ నేస్తాండాడా?" అంది. నేను పోయి ఆ మాట ఆ మాటగా బావకు చెప్పాను. ఆయన పగలబడి నవ్వి, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. అప్పటి నుంచి పలక గట్టిగా కొట్టాడు.

ఆమె పోయిన రోజు మా ఆయన పొద్దున్నే చీర కోసుకుని షావుకారు దగ్గరికి పోయాడు. నేను మంచం పక్కన రాట్నం పెట్టుకుని కండెలు చుట్టుకుంటున్నాను. అత్త వేలు దుప్పటి మీద ఎదురింటి పలక దెబ్బకు సరిగ్గా ఆడుతోంది. ఆడుతూ ఆడుతూ ఆగింది. నేను రాట్నం వదిలేసి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

మా వీధిలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరింట్లో ఏడుపు వినబడినా ఆ క్షణానే మగ్గాలన్నీ ఆగాలి. శవం లేచేదాకా ఎవరూ నెయ్యకూడదు. నేస్తే ఆ చీరకు మైల. అవి పెళ్ళికూతుళ్ళు కట్టుకునే చీరలు. నేను నోరు తెరిస్తే చాలు, ఎనిమిది రోజులు ఆమెను చంపిన ఆ సద్దులేనితనం మళ్ళీ వచ్చి మీద పడుతుంది. పోయినవాళ్ళకు వినబడుతుందో లేదో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. కొంగు నోట్లో కుక్కుకుని, ఆమె చెయ్యి పట్టుకుని అట్లాగే కూర్చున్నాను. గంటో, ఆ పైనో. తిండివేళకు మగ్గాలు వాటంతట అవే ఆగాయి. మా ఆయన గుమ్మంలోకి వచ్చాడు. అప్పుడు ఏడ్చాను. ఇప్పుడే పోయింది అని అందరికీ చెప్పాను.

ఆ సాయంత్రం ఆమెను పాడె మీద పడుకోబెట్టాక ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చివరిచూపు చూసుకున్నారు. ప్రతి ఒక్కరూ కొంగులోంచి గుప్పెడు పట్టుపోగులు తీసి ఆమె తల కింద పెట్టారు. రంగురంగుల చిక్కుపోగులు. ఇళ్ళల్లో మిగిలిపోయినవి, తలకు మెత్తగా ఉంటుందని తెచ్చారనుకున్నాను.

పట్నం పిల్లకు ఇదంతా చెప్పి ఆగాను. ఆగాక నాలుక కరుచుకున్నాను. చెప్పే ఊపులో ఏం చెప్పేశానో అప్పుడు తెలిసింది. ఆ గంట సంగతి అన్నేళ్ళలో నేను మా ఆయనకు కూడా చెప్పలేదు. ముప్పై ఇళ్ళవాళ్ళ చేత మైలలో నేయించాను. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు నా పక్కనే కూర్చుని ఉన్నారు. ఎక్కడ ఏ పెళ్ళికూతురికి ఏమైందని విన్నా నా పాపమే అని భయపడి చచ్చేదాన్ని. ఇక తలెత్తి ఎవరి మొహమూ చూడలేకపోయాను.

అక్క వక్కాకు ఉమ్మి వచ్చి కూర్చుంది. "మాకు తెల్సులే మే" అంది.

"ఏం తెలుసు?"

"నీ రాట్నం నిలిచిపోయింది కదా. మా ఆయప్ప ఇన్నాడు. నువ్వు ఏడుస్తావని రొంతసేపు చూసినాడు. నువ్వు ఏడవలా. 'ఆ పిల్ల ఏడవలేదంటే అత్తకు మగ్గాల సద్దు ఇనిపిస్తాండాది. ఎవురూ ఆపొద్దు' అని నన్ను పంపినాడు. నేను పెరటి దావన ఇంటింటికీ పోయి చెప్పొచ్చినా."

"మరి మైల కదక్కా? చీరలు?"

"ఆ పొద్దు నేసిందంతా విప్పేసినాం. బెత్తెడే కదా. పోగు పోగూ పీకి తీసినాం. పీకిన పట్టు ఏం చేసుకుంటాం? ఆమె తల కింద పెడితిమి. నువ్వూ చూస్తివి కదా?"

చూశాను. నేత విప్పడమంటే నెయ్యడం కంటే రెట్టింపు పని. అది చేసి, వచ్చి నా ఎదుటే ఆమె తల కింద పెట్టి పోయారు. నేను వాటిని మిగులు పోగులనుకున్నాను. నాకు నోట మాట రాలేదు. నాకు! అక్క కూడా ఆశ్చర్యపోయి నా మొహంలోకి చూసింది.

పట్నం పిల్ల కలం పట్టుకుని, "అప్పుడు మీ అందరికీ ఎంత నష్టం వచ్చిందమ్మా?" అని అడిగింది.

"ఏం నష్టం?" అంది అక్క. "విప్పింది మళ్ళా నేస్తిమి."

ఆమె అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే ఆమెకు గుర్తులేదు. మా వీధి సంగతే అంత. పెట్టింది పెట్టిన చోటే మరిచిపోతుంది. పిల్ల కాగితం వైపు చూసింది, నా వైపు చూసింది. "మరి నేను ఏం రాయాలి?" అంది.

"వాళ్ళ సున్నాలు అట్లే ఉండనీ పాపా. పైసా ఇయ్యమన్నారు, ఇయ్యరు. నాది మాత్రం కొట్టెయ్. నేనిస్తాను."

"ఎంత?"

"ఈ అక్క మంచాన పడిన రోజు చెప్తాను."

"నన్నప్పుడే సాగనంపుతాండావేమే!" అని అక్క నా వీపు మీద ఒక్కటి చరిచింది. అందరూ నవ్వారు. పిల్ల కూడా నవ్వి, నా సున్నా మీద గీత కొట్టింది. ఎదురింట్లో బావ మగ్గం మొదలైంది. ఆడవాళ్ళు కొంగులు దులుపుకుని లేచారు. నేనూ లోపలికి పోయి రాట్నం ముందర కూర్చుని, ఎదురింటికి వినబడేలా గట్టిగా తిప్పాను.